కాలువగట్టు మీద కెమెరా: కొత్తగా ఫొటోలు తీసేవారికి మొదటి నుంచి

కెమెరా కొన్న వారంలోనే చాలామంది అంతర్వేదికో పాపికొండలకో బయలుదేరతారు. నేనూ అలాగే వెళ్ళాను. నాలుగు వందల ఫొటోలు తీసి ఇంటికొచ్చి చూసుకుంటే, బాగున్నవి ఎందుకు బాగున్నాయో, పాడైనవి ఎందుకు పాడయ్యాయో ఒక్కటీ అంతుపట్టలేదు. కొత్త ఊళ్ళో చోటూ కొత్తే, వెలుగూ కొత్తే, చేతిలో కెమెరా కూడా కొత్తే. తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవాలంటే కెమెరా తప్ప మిగతావన్నీ మనకు బాగా తెలిసినవై ఉండాలి.

కాబట్టి మొదటి పని, ఇంటికి పది నిమిషాల నడకలో ఒక చోటు చూసుకోండి. గోదావరి డెల్టాలో ఉన్నవారికి అది చాలావరకు కాలువగట్టే అవుతుంది. నీరు, చెట్లు, పొలం, పశువులు, దారిన పోయే సైకిళ్ళు అన్నీ అక్కడే దొరుకుతాయి. నెల రోజులు అక్కడికే వెళ్ళండి. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ గట్టు మీద చేసి చూడటానికి వీలైనదే.

ఏ కెమెరా?

ఈ ప్రశ్న మీద ఎక్కువ సేపు ఆగను. చేతిలో ఉన్న ఫోనుతో మొదలుపెట్టవచ్చు. కొనదలిస్తే పాత డీఎస్‌ఎల్‌ఆర్ అయినా, కొత్త మిర్రర్‌లెస్ అయినా నేర్చుకోవడానికి ఒకటే. దానితో వచ్చే 18-55 ఎంఎం లెన్సు ఆరు నెలలకు సరిపోతుంది. ఆ తరువాత కూడా డబ్బు ఖర్చు పెట్టాలనిపిస్తే ముందు 50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్సు తీసుకోండి. దూరపు పక్షులను దగ్గరకు లాగే పొడవాటి లెన్సు మీద అందరికీ మోజే, కానీ బరువైన ఆ లెన్సుతో మొదటే కుస్తీ పడితే నేర్చుకోవలసినవి వెనకబడతాయి.

చేతిలోకి తీసుకోగానే

మెడలో పట్టీ వేసుకోండి. పంటు మీద నది దాటేటప్పుడు పట్టీ లేని కెమెరాను చేతిలో పట్టుకుని అంచున నిలబడే ధైర్యం నాకైతే లేదు. ఎడమ అరచేతిని లెన్సు కింద ఆనించి బరువంతా దాని మీద వేయండి. కుడి చెయ్యి మీట నొక్కడానికి మాత్రమే. మోచేతులు పక్కటెముకలకు తగిలేలా ఉంచి, ఊపిరి సగం వదిలి, మీటను మెల్లగా నొక్కండి. చటుక్కున పొడిస్తే కెమెరా కదులుతుంది.

మెనూలోకి వెళ్ళి తేదీ, సమయం సరిచేయండి. తెర మీద అడ్డగీతలు, నిలువుగీతలు కనిపించేలా పెట్టుకోండి, వాటి అవసరం తరువాత వస్తుంది. ఫైళ్ళు రా, జేపెగ్ రెండు రకాలుగానూ భద్రమయ్యేలా ఎంచుకోండి. ఈ ‘రా’ ఎవరినో రమ్మని పిలవడం కాదు, పచ్చిది అని. బియ్యం లాంటిది, ఇంటికొచ్చాక ఎలా కావాలంటే అలా వండుకోవచ్చు. జేపెగ్ వండి వార్చిన అన్నం.

ఫోను వాడేవారు జేబులోంచి తీయగానే లెన్సును మెత్తని నూలుగుడ్డతో తుడవండి. దీపాల చుట్టూ పొగలాంటి వలయం కనిపిస్తుంటే కారణం చాలాసార్లు వేలి జిడ్డే.

తూము, షట్టరు, చేను

1839లో ఫొటోగ్రఫీ సంగతి పారిస్‌లో ప్రపంచానికి వెల్లడైంది. ఎనిమిదేళ్ళకు, 1847లో, ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పని మొదలైంది. ఒకచోట వెలుగును, ఒకచోట నీటిని కావలసినంత మేరకే లోపలికి వదలడం. మన లాకుల దగ్గర, తూముల దగ్గర తలుపును ఇప్పటికీ షట్టరనే అంటారు. ఈ మాటలు వింటూ పెరిగినవారికి ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి ఎంత వెలుగు చేరాలనే లెక్క, అర్థం కాకపోవడానికి కారణం లేదు.

చేనుకు ఇంత నీరు అందాలి. తూము పెద్దదైతే షట్టరు కాసేపు ఎత్తితే చాలు, చిన్నదైతే ఎక్కువ సేపు ఎత్తి ఉంచాలి. చేనుకు చేరే నీరు మాత్రం ఒకటే. కెమెరాలో తూము వెడల్పును ఎపర్చర్ అంటారు. షట్టరు ఎత్తి ఉంచిన సేపు షట్టర్ వేగం.

ఎపర్చర్‌ను ఎఫ్ అంకెలతో చెబుతారు: 2, 2.8, 4, 5.6, 8, 11, 16. అంకె పెరిగితే తూము చిన్నదవుతుంది, ఇది మొదట్లో అందరినీ తికమక పెడుతుంది. అది భాగహారం వల్ల వచ్చిన చిక్కు. లెన్సు నాభ్యంతరాన్ని (దాని మీద రాసి ఉండే ఎంఎం అంకె) రంధ్రం వెడల్పుతో భాగిస్తే వచ్చేదే ఎఫ్ అంకె. 50 ఎంఎం లెన్సులో రంధ్రం 25 మిల్లీమీటర్లుంటే ఎఫ్ 2, ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటే ఎఫ్ 8. పైన రాసిన వరుసలో ఒక్కో అంకె దాటినప్పుడల్లా వెలుగు సగమవుతుంది. ఇలా సగమో రెట్టింపో అయ్యే మెట్టును స్టాప్ అంటారు.

నిండు ఎండలో ఐఎస్‌ఓ 100 (ఇదేమిటో కాసేపట్లో చెబుతాను) దగ్గర ఎఫ్ 16, సెకనులో 125వ వంతు సుమారుగా సరిపోతుంది. అదే వెలుగుకు ఎఫ్ 8, 1/500 కూడా సరిపోతుంది. ఎఫ్ 4, 1/2000 అయినా అంతే. మూడింటిలోనూ చేరిన వెలుగు ఒకటే, కానీ వచ్చే ఫొటోలు మూడు రకాలు. ఎఫ్ 16తో గట్టు మీది గడ్డి నుంచి అవతలి కొబ్బరిచెట్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ఎఫ్ 4తో మీరు గురిపెట్టినది ఒక్కటే తేటగా ఉండి వెనకాలదంతా కరిగిపోతుంది. షట్టర్ వేగం చేసే పని వేరు. 1/1000 దగ్గర విసురువల గాలిలో విచ్చుకుని ప్రతి ముడీ కనిపించేలా ఆగిపోతుంది. 1/60 దగ్గర ఆ వల ఒక పొగ.

ఇక ఐఎస్‌ఓ. వెలుగు చాలనప్పుడు, చేరిన కొద్దిపాటి వెలుగునే కెమెరా హెచ్చించి చూపే ఏర్పాటు ఇది. చుట్టాలు ఎక్కువమంది వచ్చినప్పుడు మజ్జిగలో నీళ్ళు పోసినట్టు. అందరికీ సరిపోతుంది, చిక్కదనం పోతుంది. నీడల్లో రవ్వలాంటి చుక్కలు తేలతాయి. అలాగని భయపడి తగ్గించుకుంటే షట్టర్ నెమ్మదించి ఫొటో అలుక్కుపోతుంది. నా మటుకు నాకు రవ్వ ఉన్న స్పష్టమైన ఫొటో, నున్నగా అలుక్కుపోయిన ఫొటో కన్నా నయం. సాయంత్రమైతే ఐఎస్‌ఓ 1600, 3200 దాకా నిస్సంకోచంగా పెంచండి. మరునాడు పొద్దున మళ్ళీ 100కు దించడం మరవకండి. ఒకసారి నేను మరిచి, ఒక తెల్లవారుజామంతా 3200తోనే తీశాను.

డయల్ మీద ఏ అనే అక్షరం (క్యానన్‌లో ఏవీ) దగ్గర పెడితే తూము మీ చేతిలో ఉంటుంది, షట్టరు సంగతి కెమెరా చూసుకుంటుంది. మొదటి రెండు వారాలు ఇక్కడే ఉండండి. అన్నీ చేత్తో పెట్టే ఎం మోడ్‌లో తీయకపోతే ఫొటోగ్రాఫర్ కాదన్నట్టు మాట్లాడేవారుంటారు. పట్టించుకోకండి.

మొదటి అభ్యాసం: గట్టు మీద ఒక సర్వేరాయో గేటుకొయ్యో చూసుకుని, దానికి రెండు గజాల దూరంలో నిలబడి ఎఫ్ 4, 5.6, 8, 11, 16 లతో ఐదు ఫొటోలు తీయండి. వెనకాల చెట్లు ఎలా తేటపడుతూ వస్తాయో పక్కపక్కన పెట్టి చూడండి. రెండో అభ్యాసం: గట్టు మీద వచ్చే సైకిలును 1/1000తో ఒకసారి, 1/30తో ఒకసారి తీయండి. 1/30తో తీసేటప్పుడు సైకిలుతోపాటే నడుము తిప్పుతూ నొక్కాలి. పది ప్రయత్నాల్లో ఒకటి కుదురుతుంది. మనిషి తేటగా, వెనక పచ్చదనమంతా గీతలుగా వస్తుంది. మూడోది లాకుల దగ్గర: కెమెరాను స్టాండు మీదో, కదలని గోడ మీదో పెట్టి ఐఎస్‌ఓ 100, ఎఫ్ 16, అర సెకను. పొద్దువాలాక తీస్తే దూకే నీరు పాలధారలా వస్తుంది.

చేతిలో పట్టుకుని తీసేటప్పుడు ఒక పాత లెక్క గుర్తుంచుకోండి. లెన్సు 50 ఎంఎం అయితే షట్టర్ 1/50 కన్నా, 200 అయితే 1/200 కన్నా నెమ్మదిగా ఉండకూడదు. చిన్న సెన్సర్ (వెలుగును పట్టే పలక) ఉన్న కెమెరాలకు ఆ కింది అంకెకు ఇంకో సగం కలుపుకోవాలి, 50కి 75 అన్నమాట.

ఫోకస్

కెమెరాను దాని మానాన వదిలేస్తే దగ్గరగా ఏది ఉంటే దాని మీద ఫోకస్ పెడుతుంది. పొలంలో మనిషిని తీద్దామనుకుంటే ముందున్న వరికంకి తేటగా వస్తుంది. అందుకని ఒకే ఫోకస్ చుక్క ఎంచుకుని, ఎక్కడ కావాలో అక్కడికి దాన్ని జరపడం నేర్చుకోండి. మనుషులైతే కంటి మీద. మీటను సగం నొక్కితే ఫోకస్ కుదురుతుంది, పూర్తిగా నొక్కితే ఫొటో పడుతుంది. కదిలే వాటికి ఏఎఫ్-సి అనే పద్ధతి, క్యానన్‌లో సర్వో. కనుమ నాడు కోనసీమలో జరిగే జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళే ఆలోచన ఉంటే దీన్ని ముందే అలవాటు చేసుకోండి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను భుజాల మీద మోస్తూ కౌశిక కాలువ దాటించేటప్పుడు జనం పరుగు, నీళ్ళ చిందులు, పైన ఊగే ప్రభ అన్నీ ఒకేసారి జరుగుతాయి. అప్పుడు మెనూ వెతుక్కునే తీరిక ఉండదు. 1/500కు తగ్గకుండా, ఐఎస్‌ఓ ఆటో పెట్టి, గంట ముందే గట్టు మీద చోటు పట్టుకోవాలి.

గేదె మీద కొంగ

డెల్టాలో పుట్టిన ప్రతి కెమెరాకూ ఈ ఫొటో తప్పదు. నల్లటి గేదె, దాని వీపు మీద తెల్లటి కొంగ. తీశాక చూస్తే గేదె బూడిద రంగులో, కొంగ ఉన్నచోట ఒక తెల్లని చిరుగు. ఈకా లేదు, రెక్కా లేదు. దగ్గరకు లాగి చూసినా తెలుపు తప్ప మరేమీ ఉండదు.

జరిగింది ఇది. వెలుగును కొలిచే కెమెరా మీటరుకు గేదె తెలియదు, కొంగా తెలియదు. తన ఎదుట ఉన్నదంతా కలిపి సగటున ఒక మధ్యరకం బూడిద రంగు కావాలని చూస్తుంది. పడిన వెలుగులో 18 శాతాన్ని తిప్పికొట్టే బూడిద రంగు దాని కొలబద్ద. చట్రమంతా గేదె నిండి ఉంటే, ‘అయ్యో, ఇక్కడ చీకటిగా ఉంది’ అనుకుని వెలుగు ఎక్కువ వదులుతుంది. గేదె తేలిపోతుంది, అసలే తెల్లగా ఉన్న కొంగ కాలిపోతుంది. చేను నిండా కొంగలే ఉంటే ఇదే తిరగబడుతుంది. ‘ఇక్కడ వెలుగు ఎక్కువైంది’ అనుకుని తగ్గిస్తుంది, కొంగలు మాసిన పంచెల్లా వస్తాయి.

దీనికి విరుగుడు కెమెరా మీద ప్లస్, మైనస్ గుర్తులున్న మీట. నల్లనిది ఎక్కువగా ఉన్నప్పుడు మైనస్, తెల్లనిది ఎక్కువగా ఉన్నప్పుడు ప్లస్. గేదె, కొంగల ఫొటోకు మైనస్ 1తో మొదలుపెట్టండి. చాలకపోతే 1.7 దాకా వెళ్ళండి. అతి తెలుపైన చోట్లు తెర మీద మినుకుమినుకుమనేలా హెచ్చరిక పెట్టుకోవచ్చు. కొంగ మినుకుమంటుంటే ఇంకాస్త తగ్గించాలి. గేదె మరీ నల్లబడిందని బెంగ వద్దు. రా ఫైలులో నీడల్లోంచి కొంత వెనక్కి తెచ్చుకోవచ్చు, కాలిపోయిన తెలుపును మాత్రం తేలేం. పుష్యమాసపు మంచులో గట్టును తీసేటప్పుడు ప్లస్ 1 పెట్టండి, లేకపోతే మంచంతా పొగలా మురికిగా కనిపిస్తుంది. ఫోనులోనూ ఇది ఉంది. కొంగ మీద వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి జరపడమే.

ఈ ఒక్క మీట వంటబడితే సగం ఫొటోగ్రఫీ వచ్చినట్టే అని నా నమ్మకం. ఇదే గేదెను వారం రోజులు వేర్వేరు వేళల్లో తీయండి. గేదె విసుక్కోదు, కొంగ మాత్రం ఎగిరిపోతుంది. దూరం నుంచే మొదలుపెట్టి మెల్లగా దగ్గరకు వెళ్ళండి.

వెలుగు

సూర్యోదయం తరువాత గంట, అస్తమయానికి ముందు గంట మంచివని అందరూ చెప్పేదే. మనకు సంబంధించిన చిక్కు కొబ్బరితోట. పది గంటలకు తోటలో మనిషిని నిలబెడితే ఆకుల సందుల్లోంచి పడే ఎండ ముఖం మీద చారలు గీస్తుంది. ఒక కన్ను వెలుగులో, ఇంకో కన్ను చీకట్లో. ఏ సెట్టింగూ దాన్ని సరిచేయలేదు, మనిషినే కదపాలి. తోట అంచుకు తీసుకొచ్చి నీడలోనే ఉంచి, ముఖం పొలం వైపు తిప్పండి. విశాలమైన ఆకాశపు వెలుగు మెత్తగా పడుతుంది. మబ్బు పట్టిన రోజు తోట నడిమధ్య కూడా తీయవచ్చు. వాన వెలిసిన అరగంటలో ఆకులు కడిగినట్టుండి, గాలిలో దుమ్ము లేక ఎంత దూరమైనా తేటగా కనిపిస్తుంది. ఫొటోలకు నాకు అంతకు మించిన వేళ లేదు.

నది ఒడ్డున దిక్కు చూసుకోవాలి. రాజమహేంద్రవరం గోదావరికి తూర్పు గట్టున ఉంది కాబట్టి అక్కడి ఘాట్ల నుంచి వంతెనల వెనక పొద్దుగుంకడం చూస్తారు. సూర్యోదయం కావాలంటే ఎదుటి గట్టున కొవ్వూరులో నిలబడాలి. 1997లో పూర్తయిన ఆర్చి వంతెన కమానులు నల్లని గీతల్లా రావాలంటే వెలుగుకు ఎదురుగా నిలబడి, ఆకాశం మీద మీటరు పెట్టి మైనస్ 1 చేయండి.

పంటకాలం కూడా చూసుకోండి. జూన్‌లో కాలువలకు నీరొదిలాక సార్వా ఊడ్పులు, మళ్ళీ సంక్రాంతి ముందువెనకల దాళ్వా ఊడ్పులు. ఈ రెండు సమయాల్లోనూ చేలు అద్దాల్లా ఉంటాయి. ఆకాశం రెండుసార్లు దొరుకుతుంది. నీటి మీది మెరుపు అడ్డమైతే పోలరైజర్ అనే ఫిల్టర్ బిగించి తిప్పుతూ చూడండి. ఒక కోణంలో మెరుపు పోయి వరి పచ్చన తేలుతుంది. కాకపోతే అది దాదాపు ఒకటిన్నర స్టాపు వెలుగు మింగుతుంది. ఇక ఆగస్టు వరదల మాట: ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. ఆ తరువాత లంకల వైపు, గట్ల అంచులకు కెమెరాతో వెళ్ళకండి.

చట్రంలో ఏముండాలి

డెల్టా బల్లపరుపు నేల. కొండ లేదు, ఎత్తు లేదు, ఎటు చూసినా నేలా నింగీ కలిసే గీత ఉంటుంది. ఆ గీత రవ్వంత వంగినా నది ఒక పక్కకు ఒలికిపోతున్నట్టు కనిపిస్తుంది. మొదట్లో పెట్టుకున్న అడ్డగీత దీనికోసమే. ఆ గీతను చట్రం నడిమికి తేకుండా, మబ్బులు బాగుంటే కిందికి, నీటిలో నీడ బాగుంటే పైకి పెట్టండి. ఎత్తు కావాలంటే లాకుల వంతెన, పి.గన్నవరం దగ్గర వైనతేయ మీది అక్విడక్టు లాంటివి వెతుక్కోవాలి. అదీ దొరక్కపోతే కిందికి దిగండి. మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి ఎత్తు నుంచి తీస్తే, రోజూ చూసే కాలువ కూడా కొత్తగా కనిపిస్తుంది. మీట నొక్కే ముందు చట్రం నాలుగు మూలలూ ఒకసారి చూడండి. కరెంటు తీగో, సిమెంటు సంచో, ఎవరి తలలోంచో మొలిచిన కొబ్బరిచెట్టో తప్పకుండా ఉంటుంది.

మనుషుల దగ్గరకు వెళ్ళినప్పుడు

నెల గడిచాక గట్టు దిగండి. నేను ఆత్రేయపురం వెళ్ళాను, పూతరేకులు తీసే చోటికి. ముందు కెమెరా సంచిలోనే ఉంచి కూర్చున్నాను. ‘ఫొటో తీసుకోవచ్చా అమ్మా?’ అని అడిగితే, ‘చెయ్యి తీసుకోండి బాబూ, ముఖం వద్దు’ అన్నారు. దానితో పని తేలికైంది.

బోర్లించిన కుండ కింద మంట. పలుచని బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగుతారు. రెప్పపాటులో పొర ఆరి అంచు లేస్తుంది, వేళ్ళతో దాన్ని ఎత్తేస్తారు. మొదట నేను గుమ్మం వైపు వీపు పెట్టి తీశాను. రేకు తెల్లకాగితంలా చప్పగా వచ్చింది. చోటు మారి, గుమ్మం వెలుగు రేకు వెనక నుంచి వచ్చేలా కూర్చున్నాక, ఆ పొరలోంచి వేళ్ళ నీడ కనిపించింది. పలుచని వాటికి, అరిటాకుకైనా వలకైనా, వెలుగు వెనకనుంచి రావాలి. సెట్టింగులు ఎఫ్ 2.8, 1/250, ఐఎస్‌ఓ 1600. మంట వెలుగు నారింజ, గుమ్మం వెలుగు నీలం. వెలుగు రంగును బట్టి తెలుపును తెలుపుగా చూపాల్సిన ఆటో వైట్ బ్యాలెన్స్ రెంటి మధ్య ఊగిసలాడి ఒక్కో ఫొటోను ఒక్కో రంగులో ఇచ్చింది. ఇలాంటప్పుడు దాన్ని ఎండ గుర్తు దగ్గర కదలకుండా పెట్టి, తరువాత రా ఫైలులో సరిదిద్దుకోవాలి.

ఊడ్పుల్లో ఉన్న ఆడవారిని, రేవులో స్నానం చేసేవారిని దూరం నుంచి లెన్సు లాగి తీయకండి. అడిగి తీయండి, వద్దంటే మానేయండి. కొబ్బరికాయల దింపు తీసేవారు చెట్టు మీద ఉండగా కింద నుంచి కేకేసి ఇటు చూడమనడం ప్రమాదం. ఫొటో ప్రింటు వేయించి ఇస్తామని మాటిస్తే నిలబెట్టుకోండి. నేను వేయించి ఇచ్చిన ప్రింట్లే మళ్ళీ ఆ గుమ్మాలు తెరిపించాయి.

తేమ, ఉప్పుగాలి

ఒక వానాకాలం రెండు నెలలు నా లెన్సును తోలుసంచిలో పెట్టి బీరువాలో దాచాను. తీసి చూస్తే లోపలి అద్దం మీద సాలెగూడులా బూజు. గాలి చొరబడని డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచాలని అప్పుడు తెలిసింది. రంగు మారే రకం పొట్లాలు కొంటే ఎప్పుడు ఆరబెట్టాలో వాటంతట అవే చెబుతాయి. అసలు మందు మాత్రం కెమెరాను వారానికి రెండుసార్లైనా బయటికి తీసి వాడటం.

ఏసీ గదిలోంచి, కారులోంచి దిగగానే లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది. బయలుదేరే ముందే ప్లాస్టిక్ సంచిలో పెట్టి గట్టిగా మూసి, బయటికొచ్చాక అరగంట అలాగే ఉంచితే ఆవిరి సంచి మీద పడుతుంది. అంతర్వేది, ఓడలరేవు తీరాల్లో లెన్సు మార్చకండి. ఇంటికి రాగానే కాస్త తడిపి గట్టిగా పిండిన గుడ్డతో కెమెరా పైభాగం తుడిచి, పొడిగుడ్డతో ఆర్చండి. ఉప్పు అలాగే ఉంటే మీటల సందుల్లోకి దిగుతుంది.

ఇంటికొచ్చాక

ఆ రోజే కంప్యూటర్‌లోకి ఎక్కించి, నూటిలో ఐదు ఉంచుకోండి. చేతులాడక మొదట్లో అన్నీ దాచుకుంటాం. దిద్దేటప్పుడు వంకర సరిచేయడం, అంచులు కత్తిరించడం, వెలుగు, రంగు కాస్త అటూఇటూ జరపడం, ఇంతే. వరి పచ్చదనాన్ని పెంచే మీట జోలికి పోకండి. దాళ్వా చేను అసలే అంత పచ్చగా ఉంటుంది, ఇంకా పెంచితే ప్లాస్టిక్ తివాచీ అవుతుంది.

ప్రతి ఫొటోతోపాటు దాని సెట్టింగులన్నీ ఫైలులోనే దాగి ఉంటాయి. పాడైన వాటిని చెరిపేసే ముందు ఆ అంకెలు ఒకసారి చదవండి. అలుక్కుపోయిన దాని పక్కన 1/15 కనిపిస్తుంది, కారణం అక్కడే దొరుకుతుంది. తరువాత రెండు వేర్వేరు చోట్ల కాపీలు పెట్టుకోండి. రెండూ తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే కార్డు ఫార్మాట్ చేయండి, అదీ కంప్యూటర్‌లో కాదు, కెమెరాలోనే.